శివకృష్ణను పిలవని లోకం

మా ఆయన శివకృష్ణ చెడ్డవాడు కాదు. డిగ్రీ చదివాడు, పోలీసు ఉద్యోగం కోసం మూడుసార్లు పరుగెత్తాడు, మూడుసార్లూ వెనకబడ్డాడు. చివరికి మా అత్త గోపమ్మ అతని చేతిలో కర్ర పెట్టి గొర్రెల వెంట తోలింది. రెండో చేతిలో ఫోను ఎలాగూ ఉంది.

అందులో జపానోళ్ల కథలు చదువుతాడు. ఫోనే వాటిని తెలుగులోకి తిప్పిపెడుతుందట. నాకూ వినిపించాడు, నా ఖర్మ! అన్నీ ఒక్క తీరే. పనీపాటా లేని ఒకణ్ని లారీ గుద్దుతుంది. చచ్చాడనుకుంటే ఇంకో లోకంలో లేస్తాడు. ఎవరో రాజకుమారి మంత్రం వేసి పిలిపించుకుందట. అక్కడ వాడు గుడ్డు ఉడకబెట్టినా ఊరంతా నోరెళ్లబెడుతుంది.

"గా లోకంల గిన్నెలెవరు తోముతరు?" అని అడిగాను.

"రాక్షసుల రాజుతోని కొట్లాడుతుంటే గిన్నెల ముచ్చటెందుకే?" అన్నాడు.

ఒళ్లు మండింది. గొర్రెల చెవులకు గుర్తులు పెట్టమని అత్త ఏడాదిగా మొత్తుకుంటోంది. ఈయన గుర్తులు పెట్టలేదు గానీ, ఆ కథల్లో వీరులకున్నట్టు పొట్టేళ్లకు లెవెళ్లు పెట్టాడు. మా నల్ల పొట్టేలుది పదిహేడో లెవెలట. దానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

మొన్న ఎండాకాలం తిరుమలగిరి బయట, జనగామ దిక్కు నుంచి కృష్ణా నది ఒడ్డుకు వలసపోతున్న పెద్ద మంద ఒకటి ఎదురైంది. అప్పుడు ఈయన ఫోనులో రాజకుమారి దగ్గరున్నాడు. తలెత్తేసరికి మా నలభై గొర్రెలూ ఆ మూడొందల్లో కలిసిపోయాయి. ఫోన్ చేస్తే ఉరికాను. అవి పోతే మాకు బతుకుదెరువే లేదు.

ఆ మంద పెద్ద గుర్వయ్య మర్యాదస్తుడే. "గుర్తు లేకపాయె తమ్మీ. పిలువు. నీ కూతకు వచ్చినయి నీవి, తోలుకపో. మాకు పొద్దు పోతాంది" అన్నాడు.

శివకృష్ణ పిలిచాడు. ఒక్కటీ కదల్లేదు. గొంతు చించుకున్నాడు. పదిహేడో లెవెల్ పొట్టేలు అతని వైపు ఓసారి చూసి మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది. ఏడాదిగా వాటిని అదిలించాడే తప్ప ఎప్పుడు పిలిచాడు గనుక? పొద్దునా సాయంత్రం నీళ్లకు పిలిచేది నేను. అతని ముఖం చూస్తే నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

చెంగు దోపుకుని నేను కూశాను. ముందు నల్లది తలెత్తింది, నడిచొచ్చింది. దాని వెనక ఒక్కొక్కటీ విడివడి వచ్చాయి. నలభై.

"నీ పెండ్లాం గట్టిది తమ్మీ" అని గుర్వయ్య తన మందను తోలుకుపోయాడు.

శివకృష్ణ రాయి మీద కూలబడ్డాడు. ఫోను జేబులోంచి తీయలేదు. "గొర్లే నా మాట ఇనకపాయె శైలా. ఏ లోకమోళ్లు పిలుస్తరు నన్ను?" అన్నాడు.

నాలుగు తిట్లు నాలుక మీదికి వచ్చాయి. మింగేశాను.

"నేను పిలుస్తున్న గదా. లే" అన్నాను.

లేచాడు. చివరి గొర్రె వెనక నడిచి వచ్చాడు.