నల్లగీతల ఉత్తరం

నిన్న పొద్దున బెంగళూరులో ఆఫీసు బస్సులో కూర్చుని, కువైట్‌లో ఉన్న మా అన్నకి పంపిన పదకొండో మెసేజ్ పక్కన కూడా ఒకటే టిక్కు కనబడేసరికి, పక్క సీటావిడ ఉలిక్కిపడేలా ఫోన్‌ని ఒళ్ళో కొట్టుకున్నాను. వాడుండే చోటికి దగ్గర్లోనే యుద్ధం మొదలై మూడు రోజులైంది. మా ఇంటి గ్రూపులో ఎవరో కూలిపోతున్న మేడ వీడియో పెడితే, అది చూసి మదనపల్లి నుంచి అత్త ఫోన్ చేసి శోకాలు మొదలుపెట్టింది. అది ఎప్పటిదో, ఏ ఊరిదో తెలుసుకోకుండా ఏడుపేంటని ఆవిడ మీద అరిచి ఫోన్ పెట్టేశాను. తర్వాత ఆ వీడియోనే నేనూ నాలుగుసార్లు చూశాను, ఏ కిటికీలోనైనా మా అన్న చొక్కా కనబడుతుందేమోనని. అప్పుడు గుర్తొచ్చింది పుంగనూరు అవ్వ.

అవ్వ అంటే మా తాతకి అమ్మ. మీలో కూడా నాలాగా సిటీలో పెరిగి, పదో తరగతి పరీక్షల ముందు చదువుకోమని ఊరికి తోలబడ్డవాళ్ళు ఉండే ఉంటారు. పుంగనూరు పక్కనున్న ఆ పల్లెలో నీళ్ళట్యాంకు మెట్లెక్కి నిలబడితే తప్ప సిగ్నల్ దొరికేది కాదు. ఆ కోపమంతా పుస్తకం మీద చూపిస్తూ గొంతెత్తి చదివేదాన్ని. తొంభై ఏళ్ళ అవ్వ అరుగు మీద కాళ్ళు చాపుకుని, చింతపండు గింజలు తీస్తూ వినేది.

“ఏంది పాపా, పొద్దున్నుంచీ ఎవుర్నో తిడతాండావు?”

“తిట్టడం కాదవ్వా. రెండో ప్రపంచ యుద్ధం. కారణాలు, గమనం, మలుపులు. ఎనిమిది మార్కులకి అడుగుతారు.”

“ఎనిమిదేనా?” అంది అవ్వ. “దాంట్లో మీ ముత్తాత యాడుండాడు?”

ఉండడని చెప్పాను. జర్మనీ పోలండ్ మీద పడడం, జపాన్ విమానాలు అమెరికా ఓడల మీద బాంబులెయ్యడం, రష్యా మంచులో జర్మనీ సైన్యం ఇరుక్కుపోవడం, ఇవే ఉన్నాయని వేళ్ళు మడిచి చూపించాను. ఆవిడ చింతగింజ ఒకటి తీసి నా ముందు పెట్టి, “ఆ ఫోను అట్ల పక్కన పెట్టి ఇను. నాకు తెలిసిన యుద్ధం జెప్తా” అంది.

ఆవిడ యుద్ధానికి కారణం వాన. రెండేళ్ళు వరసగా చెనక్కాయ చేలు ఎండిపోతే, పట్టాళంలో చేరితే మూడు పూటలా కూడు పెడతారని విని ముత్తాత పేరు రాయించుకున్నాడట. బెంగళూరు నుంచి సిపాయిలతో వచ్చే బండి ఎక్కించడానికి కుప్పం దాకా ఎద్దులబండిలో పోయారు. పదిహేడేళ్ళ అవ్వ అప్పటికి రైలే చూడలేదు. “ఆ పొగ, ఆ ఇనుము సూస్తా నోరు తెరుసుకోని నిలబడిపోతినే గానీ, మనిషిని సూడకపోతిని పాపా. ఏ కిటికీలోనించి సెయ్యి ఊపినాడో ఏమో” అని, ఎన్నో ఏళ్ళ కిందటి ఆ తప్పుకి అప్పటికీ తల కొట్టుకునేది.

బర్మా జపానోళ్ళ చేతికి పోయిందన్న కబురు ఆ పల్లెకి పేపర్లో రాలేదు, సంతలో వచ్చింది. బర్మా బియ్యం మాయమయ్యాయి, కిరసనాయిలు మాయమైంది, మద్రాసు మీద బాంబులు పడతాయని పెట్టెలు నెత్తినేసుకుని జనం చుట్టాల ఊళ్ళకి వచ్చిపడ్డారు. ముత్తాత ఉత్తరాలు రెండొచ్చి ఆగిపోయాయి. అవ్వ ఆరో నెల కడుపుతో ఉంది.

మూడో ఉత్తరం వచ్చింది. దాని నిండా నల్లటి గీతలు.

ఇప్పటి మనకి తెలియదు గానీ, అప్పట్లో ఉత్తరం చదవకముందే విషయం తెలిసిపోయేదట. మూలలకి పసుపుంటే శుభం, నలుపుంటే చావు. నలుపున్న కాగితం గడప దాటి లోపలికి రాకూడదు, వాకిట్లోనే చదివి చింపెయ్యాలి. మూల మీద ఇంత చుక్క ఉంటేనే చావు కబురైతే, కాగితమంతా నల్లబారిన ఉత్తరం ఇంకేం చెబుతుంది? ఎప్పుడూ చదివిపెట్టే పోస్టాయన కూడా తల వంచుకుని చేతిలో పెట్టి వెళ్ళిపోయాడట. అవ్వ అత్త దాన్ని వాకిట్లోనే ముక్కలు చేసి కంచె మీదికి విసిరి గుండెలు బాదుకుంది. దర్భలతో బొమ్మ చేసి కర్మ చేశారు. అవ్వ గాజులు పగలగొట్టారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. “చదివించుకోకుండా ఎట్ల చింపేస్తారవ్వా? ఒక్కరికీ బుద్ధి లేదా?”

“ఉండాదిలే నీకు, బుద్ధి,” అంది అవ్వ నవ్వి. “మొన్న ఆ స్నేహితురాలు నీ మెసేజీకి బదులియ్యలేదని, సదివిందో లేదో తెలీకుండానే తగువు పెట్టుకోని ట్యాంకు మింద నిలబడి ఏడిస్తివే?”

ఫోను ఇంకొంచెం దూరంగా జరిపాను.

ఆ ముక్కల్ని మాత్రం అవ్వ ఎవరూ చూడకుండా ఏరుకుని రాగుల కుండలో దాచిపెట్టిందట. ఆయన చెయ్యి పెట్టిన కాగితం కదా, ఉండనీ అని. కాన్పు కష్టమై బండిలో మదనపల్లి మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడు కూడా అవి మూటగట్టి నడుముకి కట్టుకునే ఉంది. మా తాత పుట్టిన మర్నాడు, అక్కడి నర్సమ్మ ఆ మూట చూసి ఏమిటని అడిగి, ముక్కలన్నీ దుప్పటి మీద పేర్చి చదివింది. ‘నేను బాగుండాను.’ తర్వాత ఒక నల్లగీత. ‘ఈడ వానలు.’ మళ్ళీ గీత. ‘బిడ్డ పుడితే రాయించు.’ ఎక్కడున్నదీ శత్రువుకి తెలియకుండా పట్టాళంలోనే ఊళ్ళ పేర్లు కొట్టేస్తారని, ఆ నలుపు చావుది కాదని చెప్పి నర్సమ్మ అవ్వని పట్టుకుని ఏడ్చిందట. బతికున్న మొగుడికి మూడు నెలలు ముండమోసింది మా అవ్వ.

ఇంటికొచ్చాక అత్తే కోడలి కాళ్ళ మీద పడింది. తనే దగ్గరుండి కొత్త గాజులు వేయించింది. బిడ్డ పుట్టాడని జవాబు రాయించారు.

ఇంక అసలు మలుపు. కొన్నాళ్ళకి ఇంకో ఉత్తరం వచ్చింది, సర్కారు కవరులో. ఆ రోజు తెచ్చింది కొత్త పోస్టాయన, అచ్చు అక్షరాలు ఇంగ్లీషువి, ఆయనకి రావు. అత్త కవరు విప్పి ఎండకి పెట్టి వెనకా ముందూ చూసింది. ఒక్క నల్లగీత లేదు. తెల్లగా, మల్లెపువ్వులా ఉంది. వస్తున్నాడని రాసుంటాడంది. తన చేత్తోనే నాలుగు మూలలకీ పసుపు పూసి దేవుడి దగ్గర పెట్టింది. అవ్వ మామ పుంగనూరు పోయి, ఇంగ్లీషు వచ్చిన బడి అయ్యవారిని పిలుచుకొచ్చేలోపు పండక్కి చేసినట్టు ఓళిగలు చేశారు, అవ్వ తలలో పూలు పెట్టారు. అయ్యవారొచ్చి కాగితం చేతిలోకి తీసుకుని, పసుపు మూలల వైపు, అవ్వ పూల వైపు చూసి, కాగితం మడిచాడట. “తాగనీకి నీళ్ళుంటే ఇయ్యమ్మా” అన్నాడట.

అవ్వ అంతవరకే చెప్పి, గింజలన్నీ చాటలోకి ఊడ్చింది. నేను అడిగాను, నర్సమ్మ చదివిన రోజుకి ఆయన బతికున్నాడా, అప్పటికే పోయాడా అని. “రాసిన దినానికి బాగుండాడు పాపా. అంతవరకే కాగితానికి తెలిసేది” అంది. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. పుస్తకంలో ఉన్నదే రాశాను.

నిన్న మధ్యాహ్నం మా అన్న నుంచి మెసేజ్ వచ్చింది. తెరిచాను. తెల్లటి తెర. దానికీ నాలుగు మూలలున్నాయి గానీ, పసుపూ లేదు, నలుపూ లేదు. చదివాను: “బాగుండాను. యాడుండామో చెప్పగూడదంట, ఫోటోలు పంపగూడదంట. అమ్మకి చెప్పు.”

అమ్మకి చెప్పాను, అత్తకి చెప్పాను, గ్రూపులో అందరూ దండాలూ పూలూ పెట్టారు. అవ్వ ఉంటే ఏమనేదోనని మెసేజ్ కింద టైము చూశాను. వాడు అది పంపి అప్పటికి మూడు గంటలైంది. వారాల తరబడి నడిచొచ్చే కబురు ఇప్పుడు గంటల్లో వస్తోంది, మధ్యలో ఉండే ఆ ఖాళీ మాత్రం ఇంకా పోలేదు. జవాబు పెట్టాను, బాగున్నావా అని. ఒకటే టిక్కు.