తుండుగుడ్డ కింద అబద్ధం

ఏళ్ళ తరబడి ఒక అబద్ధం నా మెడకు వేలాడుతోంది. దించుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను. ప్రతిసారీ ఎవరో ఒకరు మర్యాద చేసి, మంచం వాల్చి, మజ్జిగిచ్చి, దాన్ని మళ్ళీ నా మెడలోనే వేసి పంపించారు. ఇక విసుగొచ్చేసింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను. చదువుతూ మధ్యలో నన్ను వెనకేసుకు రావద్దు, అదొక్కటే నేను అడిగేది. వెనకేసుకొచ్చే మనిషి ఒకడు ఉండబట్టే నా ప్రాణం ఇంత విసిగిపోయింది.

నేను గుంటూరులో ఒక మిర్చి కమిషన్ కొట్లో గుమాస్తాని. రైతు తెచ్చిన బస్తాలు దించుకుని, వ్యాపారికి చూపించి, బేరం కుదిర్చే కొట్టు మాది. నాకున్న ప్రత్యేకత ఒక్కటే. ఇంగ్లీషు పేపరు చదివేవాణ్ణి. చదివితే అంతా అర్థమయ్యేదని కాదు. మా బజారులో దాన్ని మడత విప్పి ముందు పరుచుకుని కూర్చునేవాణ్ణి నేనొక్కణ్ణే. కంపెనీల షేర్ల ధరలు వేసే పేజీ దగ్గర ఆగి కళ్ళజోడు సర్దుకునేవాణ్ణి. మనవాళ్ళకి అది చాలు.

ఆ రోజుల్లో మా బజారుకి కంపెనీల పిచ్చి పట్టుకుంది. మిర్చికి మంచి ధర పలికిన ఏడాది, చేతిలో నాలుగు డబ్బులు ఆడిన ప్రతివాడికీ ఏదో ఒక కంపెనీ మీద ఒక అభిప్రాయం. ఒకాయన మోటార్ల కంపెనీ అనేవాడు, ఇంకొకాయన బల్బుల కంపెనీ అనేవాడు. ఆ కంపెనీ ఏ ఊళ్ళో ఉందో ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేరు. గొంతులు మాత్రం లేచిపోయేవి. మిర్చి ఘాటుకి దగ్గుతూ, తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ, దేశంలో ఏ పరిశ్రమ పైకొస్తుందో తేల్చేసేవాళ్ళు. అంతా తేల్చాక నా వైపు తిరిగేవాళ్ళు.

నా మాటకి అంత విలువ ఎలా వచ్చిందో కూడా చెప్పేస్తాను. ఒకసారి పల్నాడు వెళ్తుంటే దాచేపల్లి దగ్గర మా బస్సు చెడిపోయింది. బాగయ్యేదాకా రోడ్డు పక్కన కూర్చుంటే, సున్నపురాయి లారీలు ఒకదాని వెనక ఒకటి నా మీద దుమ్ము పోసుకుంటూ పోయాయి. ఇంత దుమ్ము లేపేవాడు ఊరికే లేపడులే అనుకుని, ఆ చిరాకులోనే ఆ సిమెంటు కంపెనీ షేర్లు కొన్ని కొన్నాను. అవి పెరిగాయి. అంతే. ఇందులో తెలివి ఎక్కడుంది? ఆ బస్సు చెడకపోతే నేను ఎవరికీ పట్టని గుమాస్తాని. కానీ బస్సు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. లెక్కలు చూసి కొన్నానని వాళ్ళు అనుకున్నారు, అనుకోనిచ్చాను. నా అబద్ధం బహుశా అక్కడే మొదలైంది.

తర్వాత రేడియో కంపెనీ వచ్చింది. ఇంట్లో బల్ల మీద పెట్టుకునే పెద్ద పెట్టెలు కాదు, చేత్తో పట్టుకుని పొలానికి తీసుకుపోయే ట్రాన్సిస్టర్లు. వాటిని ఇక్కడే, మద్రాసులోనే తయారుచేస్తామని, షేర్లు కొనమని ఏజెంటు ఒకడు వచ్చాడు. ఒక సెట్టు తెచ్చి మిర్చి బస్తా మీద పెట్టి పాట వినిపించాడు. కరెంటు తీగ లేకుండా పాట రావడం చూసి మా బజారు బజారంతా నోరు తెరిచింది. కొనేవాళ్ళే అందరూ. అయినా మిర్చి బజారు మిర్చి బజారే. బస్తా పైపైన చూసి మాలో ఎవరూ కొనరు. మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగునున్న కాయ పైకి తీసి చూస్తారు. కంపెనీని కూడా అలాగే చూడాలన్నారు. పాట సరే, అడుగున ఏముందో ఎవరైనా మద్రాసు వెళ్ళి ఆ ఫ్యాక్టరీని కళ్ళతో చూసి రావాలన్నారు. ఎవరు వెళ్ళాలి? ఇంకెవరు! తలా కొంచెం వేసుకుని నాకు రైలు టిక్కెట్టు కొనిచ్చారు.

వెళ్ళాను. మద్రాసు వెళ్ళిన మాట నిజం.

రోహిణీ కార్తె ఎండలు. కంపెనీ ఆఫీసులో నన్ను ఫ్యాను కింద కూర్చోబెట్టి టిఫిను పెట్టించారు. గోడకి వాళ్ళ కేలండరు ఉంది. దాని మీద పొడుగాటి షెడ్డు, వరసగా ట్యూబులైట్లు, వాటి కింద తెల్ల కోట్లు వేసుకుని తలలు వంచి పని చేస్తున్న ఆడపిల్లలు. ఫ్యాక్టరీ ఊరికి దూరమని, కారు రిపేరులో ఉందని, ఫలానా బస్సెక్కితే గేటు దగ్గరే దింపుతుందని ఆఫీసాయన చెప్పాడు. ఆయన ఆపలేదు, తప్పుదోవ పట్టించలేదు. దారి చెప్పాడు. బయటికొచ్చాను. బస్సు ఆగే చోట నీడ లేదు. దానికి ఎదురుగా ఏసీ సినిమా హాలు ఉంది. ఒక్క ఆట చూసి, ఎండ వాలాక పోదాంలే అనుకున్నాను. పోనీ సినిమా అయినా చూశానా అంటే అదీ లేదు. ఆ చల్లదనానికి కుర్చీలోనే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి రైలు వేళయింది. స్టేషనుకి వెళ్ళిపోయాను.

నేను ఫ్యాక్టరీ చూడలేదు.

ఎంత చిన్న మాటో చూడండి. గుంటూరులో దిగిన రోజునే ఇది చెప్పి ఉంటే కాసేపు తిట్టి, టీ తాగించి, ఇంకొకణ్ణి పంపించేవాళ్ళు. ఎందుకు చెప్పలేదు? ఇన్నేళ్ళలో నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. కొట్టు ముందు అందరూ నా కోసం లేచి నిలబడ్డారు, వాళ్ళలో మా యజమాని కూడా ఉన్నాడు, జీతమిచ్చేవాడు నా కోసం లేచి నిలబడటం ఆ రోజే మొదటిసారి చూశాను, అందుకేనా? చూశావా అని అడిగారు. చూశానన్నాను. ఒక్కసారి చూశానన్నాక ఏం చూశావో చెప్పాలి కదా. కేలండరు చెప్పాను. షెడ్డు, ట్యూబులైట్లు, తెల్ల కోట్ల ఆడపిల్లలు. నా సొంతానికి కొంచెం కలిపాను కూడా. తయారైన సెట్లన్నీ ఒక గదిలో పెట్టి ఒకేసారి పాడిస్తారని, ఆ గదిలో మన మాట మనకి వినపడదని చెప్పాను. ఇది ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు. చెబుతుంటే నాకే ముచ్చటేసింది. చెప్పడానికే సిగ్గుగా ఉంది.

ఆ గుంపులో కోటయ్య, అతని భార్య రత్తమ్మ కూడా ఉన్నారు. కోటయ్యదీ నాదీ వినుకొండ రోడ్డులో ఒకటే ఊరు, బళ్ళో ఒకటే బెంచీ. అతనికి కొంచెం నల్లరేగడి చేను, అందులో ఒక బావి. ఎద్దులతో మోట తోలి మిర్చి తడిపేవాడు. ఎద్దులు ముసలివైపోతున్నాయని, ఆయిలింజను కొనాలని ఇద్దరూ ఒంటిపూట తిని డబ్బు కూడబెట్టారు. ఆ ఏడాది ఇంజను కొనడానికి సరిపోయింది. నేను చెప్పిందంతా విని రత్తమ్మ ఒక్కటే అడిగింది, అక్కడ ఏం వాసన వేసిందని. ఆవిడ ఏళ్ళ తరబడి కల్లంలో మిరపకాయలు ఎండబోసిన మనిషి, పని జరిగే చోటికి ఒక వాసన ఉంటుందని ఆవిడకి తెలుసు. నేను నవ్వేసి, శుభ్రంగా ఉండే చోట వాసనేముంటుందమ్మా అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

గుంపు చెదిరాక కోటయ్య నా పక్కన వచ్చి కూర్చున్నాడు. భుజం మీది తుండుగుడ్డ తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాడు.

మా బజారు బేరం ఎప్పుడైనా చూశారో లేదో. ధర ఎవరూ పైకి అనరు. గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని చెబుతారు. పైన నోటితో ఏమైనా అనొచ్చు, ఇంత ఘోరమా అని అరవొచ్చు, లేచిపోవచ్చు. గుడ్డ కింద వేళ్ళు మాత్రం మాట తప్పవు. అక్కడ మోసం చేసినవాడికి మళ్ళీ ఎవడూ చెయ్యి ఇవ్వడు.

"ఒరేయ్, అందరి ముందరా నువ్వు చెప్పింది విన్నాలే. ఇప్పుడు నాకు చెప్పు" అన్నాడు కోటయ్య.

"చెప్పింది అదేగా."

"నోటితో వద్దురా. ఇంజను డబ్బుంది నా దగ్గర. మొత్తం పెట్టమంటే అయిదు వేళ్ళూ పట్టు. సగమంటే మూడు పట్టు. వద్దంటే చెయ్యి తీసెయ్."

అతని అరచెయ్యి మోట తాడు లాగి లాగి గరుకుగా ఉంది. నేను ఆలోచించాను. ఆలోచించలేదని చెప్పుకుంటే బాగుండేది, కానీ ఆలోచించాను. చెయ్యి తీసేస్తే ఎందుకని అడుగుతాడు. మూడు పట్టినా అడుగుతాడు. నేను చూడలేదని చెప్పడానికి ఆ గుడ్డ కింద వేలు లేదు. అయిదు వేళ్ళూ పట్టాను. గట్టిగా పట్టాను.

ఆ రేడియో కంపెనీ ఎత్తేశారని తర్వాత పేపర్లో నేనే చదివాను, నేనే బజారుకి చెప్పాను. మిగతావాళ్ళు నాలుగు రోజులు తిట్టుకుని మళ్ళీ బల్బుల కంపెనీ మీద పడ్డారు. వాళ్ళకి అది పోయినా పర్వాలేని డబ్బు. కోటయ్యకి పోయింది ఇంజను. వెంటనే వర్షం మొహం చాటేసింది, ఎద్దు ఒకటి మోట దగ్గరే కూలబడింది. బావిలో నీళ్ళున్నాయి. పైకి తోడేది లేదు. కాపు మీదున్న మిర్చి నీళ్ళ పక్కనే ఎండిపోయింది. వరసగా అలా రెండు పంటలు పోయాక చేను అమ్మి, భార్యాభర్తలిద్దరూ రాయి కొట్టడానికి దాచేపల్లి వెళ్ళిపోయారు. అవును, అదే సిమెంటు కంపెనీ క్వారీ. నా షేర్లు ఇంకా ఉన్నాయి. కోటయ్య కొట్టిన రాయి మీద నాకు ఏటేటా లాభం వస్తోంది.

దీనికి నేను ఎన్ని సాకులు వెతికానో వినండి. ఫ్యాక్టరీకి వెళ్ళినా నాకేం తెలిసేది, అక్కడ నిజంగానే ఆ షెడ్డు, ఆ ఆడపిల్లలు ఉండేవాళ్ళేమో, చూసొచ్చి కూడా అయిదు వేళ్ళే పట్టేవాణ్ణేమో. కావచ్చు. అప్పుడది పొరపాటయ్యేది. ఇది పొరపాటు కాదు. అసలు ఆ ఫ్యాక్టరీ ఉందో లేదో నాకిప్పటికీ తెలియదు.

కోటయ్య నన్ను తిట్టి ఉంటే ఎప్పుడో తేలిపోయేది. తిట్టడే! ఎవరైనా నన్ను ఒక మాటంటే వాళ్ళ మీద లేస్తాడు. "వాడేం చేస్తాడు? వాడు కళ్ళతో చూసినప్పుడు ఫ్యాక్టరీ బానే ఉంది. తర్వాతే ఎవడో ముంచాడు" అంటాడు. నా అబద్ధాన్ని నాకంటే బాగా కాపాడుతున్నాడు. అది విన్నప్పుడల్లా నాకు అతని మీదే ఒళ్ళు మండుతుంది. మండడం ఎంత అన్యాయమో తెలుసు. అయినా మండుతుంది.

మొన్న వేసవిలో, చెప్పి తీరాలనే దాచేపల్లి వెళ్ళాను. దుమ్ముకి కోటయ్య కనురెప్పలు కూడా తెల్లబడ్డాయి. నన్ను చూడగానే మంచం వాల్చాడు. రత్తమ్మ మజ్జిగిచ్చింది. నేను గొంతు సవరించుకున్నానో లేదో, క్వారీలో పనిచేసేవాళ్ళు కొందరు వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఏదో కరెంటు మోటార్ల కంపెనీ కొత్తగా షేర్లు ఇస్తోందట. తలా కొంచెం వేసుకుని కొందామనుకుంటున్నారట. "కళ్ళతో చూడందే చెప్పే మనిషి కాదు మావాడు" అని వాళ్ళకి నన్ను చూపించి, కోటయ్య తుండుగుడ్డ తీసి మా చేతుల మీద కప్పాడు.

ఈసారి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. గుడ్డ కింద పడింది. "నాకు తెలియదురా. నాకు ఏ కంపెనీ సంగతీ తెలియదు. ఎప్పుడూ తెలియదు" అని గట్టిగానే అన్నాను. కోటయ్య తుండుగుడ్డ దులుపుకుని, మిగతావాళ్ళ వైపు తిరిగి కన్ను గీటాడు. "చూశారా? చెయ్యి తీసేశాడు. వద్దంటున్నాడు" అన్నాడు. అందరూ తలలూపి, నాకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. తెలియదన్న మాట కూడా నా నోట ఒక అభిప్రాయమే అయి కూర్చుంది. ఇంకేం చెయ్యమంటారు నన్ను?

బస్సు దాకా రత్తమ్మ వచ్చింది. నేను బస్సెక్కి కూర్చున్నాక కిటికీ దగ్గరకొచ్చి, "ఆ వేళ వాసన అడిగాను అన్నయ్యా. మీరింకా చెప్పలా" అంది. నేను నోరు తెరిచాను. డ్రైవరు బండి తీశాడు. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాను, ఆ డ్రైవరుకి మనసులో దణ్ణం కూడా పెట్టుకున్నాను.

కోటయ్య ఇది చదవడు. అక్షరాలు మా బళ్ళోనే వదిలేశాడు. అందుకే రాయగలుగుతున్నానేమో, అదీ పిరికితనమే. రత్తమ్మ మాత్రం పొట్లం కట్టిన కాగితమైనా విప్పి, కూడబలుక్కుని చదివే మనిషి. ఏ రోజో ఉప్పుతోనో బెల్లంతోనో ఈ కాగితం ఆవిడ చేతికి చేరొచ్చు. చేరితే ఆవిడ ఏం చేస్తుందో నేను ఊహించను.

అమ్మా, అక్కడ కొబ్బరినూనె వాసన వేసింది. వేయించిన వేరుశెనక్కాయల వాసన, చెమట చొక్కాలు చల్లబడిన వాసన. ఏసీ సినిమా హాలు వాసన అది. నేను ఫ్యాక్టరీకి వెళ్ళలేదు.