అడితి అక్కగారి రంపం బల్ల

అడితి అక్కగారు పోయారు. పొద్దున్నే ఇడ్లీ రేకుల్లో పిండి వేస్తుంటే పాలాయన వచ్చి చెప్పాడు. నిద్రలోనే పోయారట. నా చేతిలో గరిటె ఆగలేదు. రేకులన్నీ నింపాను, గిన్నెలో పెట్టి మూత వేశాను, గ్యాస్ వెలిగించాను. ఆ తర్వాత గానీ ఆ మాట లోపలికి దిగలేదు. దిగాక హోటల్ తలుపు దగ్గరికి లాగేశాను. అప్పటికే వచ్చి కూర్చున్నవాళ్లు ఏమైందని అడిగితే, కట్టెల అడితి నడిపిన ఆవిడ పోయారని చెప్పాను. ఇద్దరు అయ్యో అన్నారు. ఒకాయన మాత్రం, ఆ అడితి ఎప్పుడో మూసేశారుగా అన్నాడు. అడితి మూసేస్తే మనిషి కూడా అప్పుడే పోయినట్టు లెక్క కాబోలు. నాకు ఒళ్లు మండింది. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఆ మంట కూడా ఒక కారణం.

మాది రాజోలు దగ్గర గోదావరి గట్టు పక్క ఊరు. నాది చిన్న టిఫిన్ హోటల్. ఆవిడ అడితి నా హోటల్ వెనక సందులో, కాలవ ఒడ్డున ఉండేది. మాకు చుట్టరికం ఏమీ లేదు. నాకంటే పెద్దావిడ కాబట్టి నేను అక్కగారూ అనేవాణ్ణి, ఆవిడ తమ్ముడుగారూ అనేవారు. భర్త పోయాక, కొడుకు కువైట్లో పనికి కుదురుకున్నాక, అడితి అమ్మేస్తారని ఊరంతా అనుకుంది. ఆవిడ చీర కొంగు నడుముకు దోపుకుని మర్నాడే తాళం తీశారు.

అడితి అంటే కట్టెలు, గొడ్డలి, ఇంకేముంటుంది అనుకుంటారు చాలామంది. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కట్టెలు కొట్టడానికి కింద చింత మొద్దు ఉండాలి. తూచడానికి మూడు దుంగలు నిలబెట్టి కట్టిన కాటా ఉండాలి, దానికి గొలుసులతో వేలాడే రెండు పెద్ద పలకలు ఉండాలి. సరుకు చేరవెయ్యడానికి రిక్షా బండి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం రంపం మిషను. మోటారు, బెల్టు, గుండ్రటి బ్లేడు, వీటిని మోసే బల్ల. ఆ బల్ల ఆవిడ భర్త చేయించింది. పాత నావ ఒకటి కొని విప్పించి, దాని టేకు పలకలతో బిగించాడట. నూనె తాగి తాగి నల్లగా నిగనిగలాడుతుండేది. సాయంత్రం మిషను ఆపాక ఆవిడ పొట్టు ఊడ్చి, పాత చీర ముక్కతో బల్లంతా తుడిచి గానీ ఇంటికి వెళ్లేవారు కాదు. మా ఆవిడ నవ్వేది, నువ్వు ఇడ్లీ గిన్నెనైనా అంత బాగా తోమవు అని.

దుంగను మిషను మీదికి ఎక్కించే ముందు అక్కగారు అరచేత్తో చుట్టూ తడిమి చూసేవారు. మన ఊళ్లలో మేకు దిగని చెట్టు ఎక్కడుంది? ఫ్లెక్సీ కట్టడానికి ఒకడు కొడతాడు, బట్టల తాడుకు ఒకరు కొడతారు, పెళ్లి లైట్లకు ఇంకొకరు. పదేళ్లకు బెరడు మూసుకుపోతుంది. ఆ మేకు తగిలితే బ్లేడు పళ్లు ఎగిరిపోతాయి. "చెట్టు మింగేస్తుందండీ తమ్ముడుగారూ, కక్కదు" అనేవారు. ఆ మాట చెట్టు గురించే అనేవారని అప్పట్లో అనుకున్నాను. భర్త పోయినప్పుడు ఆవిడ ఎవరి ముందూ ఏడవలేదు.

అలాగని ముఖం ముడుచుకునే మనిషి కాదు. దిండి రిసార్టు నుంచి ఒక కుర్రాడు వచ్చి, టూరిస్టులకు చలిమంట వెయ్యాలి, కట్టెలన్నీ ఒకే సైజులో అందంగా కోసివ్వండి అన్నాడు. ఉక్కపోతకు చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది వాడికి. అక్కగారు అడిగినట్టే కోసిచ్చి, పనిలో పనిగా నాలుగు విసనకర్రలు కూడా కొని పట్టుకెళ్లమన్నారు. నాకైతే రోజూ మొట్టికాయలే. సన్న కట్టెలు కావాలని నేనూ, లావు కట్టె నిలిచి మండుతుందని ఆవిడా. చివరికి ఆవిడ ఇచ్చినవే తెచ్చుకునేవాణ్ణి.

అడితిలో ఓ మూల రేకుల పాక కింద ఎండు మామిడి కట్టెల పేర్పు ఒకటి ఉండేది. దాన్ని పొయ్యికి గానీ పెళ్లి వంటకు గానీ అమ్మేవారు కాదు. వానాకాలంలో ఊళ్లో ఎవరైనా పోతే, వాళ్ల కోసం. ఓసారి ముసురులో నా కట్టెలన్నీ తడిసిపోయి ఆ పేర్పులోంచి ఓ మోపు అడిగాను. "మీ ఇడ్లీలు ఓ గంట ఆలీసమైతే ఊరేం మునిగిపోదండీ. చావు ఆగదు కదా" అన్నారు. ఆ కట్టెల కోసం వచ్చినవాళ్లను ఎవరు పోయారని కూడా అడిగేవారు కాదు. బండి కదిలే వేళకు అటు తిరిగి ఏదో సర్దుతున్నట్టు ఉండేవారు. వెళ్లొస్తామని వాళ్లు పొరపాటున కూడా అనకుండా ఉండాలని.

రెండేళ్ల కిందటి వానాకాలంలో మా ఆవిడ పోయింది. మామూలు జ్వరమే అనుకున్నాం. గోదావరి పొంగి ఉంది, కాజ్‌వే మీద నీళ్లు పారుతున్నాయి, అవతలి నుంచి అంబులెన్సు రాలేదు. మేము పడవ మాట్లాడేలోపే అయిపోయింది. దాని గురించి ఇంతకంటే రాయలేను.

మా ఆవిడ పోవడానికి ముందురోజు గాలివానకు అక్కగారి పాక మీది రేకులు లేచిపోయాయి. ఎండు కట్టెల పేర్పు నానిపోయింది. ఊళ్లో ఎవరింట్లో చూసినా కొబ్బరి మట్టలు, డొక్కలు, అన్నీ నీళ్లు కారుతున్నవే. శ్మశానం మునిగింది కాబట్టి గట్టు మీదే కానివ్వాలన్నారు. దేంతో కానివ్వాలి? మావాళ్లలో ఒకరు పూడ్చేద్దామన్నారు. అది మా ఇళ్లలో లేదని ఇంకొకరు కసిరారు. ఆఖరికి పాత టైర్లు, డీజిలు అన్న మాట వచ్చింది. నాకు ఆ వాసన అప్పుడే ముక్కుకు తగిలినట్టయింది. పాతికేళ్లు నా పక్కన పొయ్యి దగ్గర నిలబడిన మనిషి. వద్దని చెప్పడానికి నా దగ్గర వేరే దారి లేదు. తల వంచుకుని కూర్చున్నాను.

అక్కగారు వాకిట్లో గొడుగు కింద నిలబడి ఇదంతా విన్నారు. వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. కాసేపటికి అడితి వైపు నుంచి గొడ్డలి చప్పుడు వినపడి వెళ్లాను. కాటా స్టాండు అప్పటికే విప్పేసి ఉంది. తూకం పలకలు, రిక్షా బండి తొట్టి, ముక్కలు చేసిన చింత మొద్దు, చివరికి గొడ్డళ్లకు బిగించిన కర్ర కామలు కూడా చూరు కింద పేర్చి ఉన్నాయి. అడితిలో కట్టెలు కొట్టే పెద్దాయన ఒక్క గొడ్డలితో నిలబడి దిక్కులు చూస్తున్నాడు. అక్కగారు మిషను బల్లకు బోల్టులు ఊడదీస్తున్నారు. మోటారు కింద నేల మీద ఉంది.

బల్ల వద్దండీ అన్నాను. బల్ల మీద చెయ్యి వేసి మళ్లీ అన్నాను.

ఆవిడ తలెత్తలేదు. "బల్లదేవుందండీ, మళ్లీ చేయించుకుంటాం. ఆవిణ్ణి మళ్లీ పంపుకోలేం కదండీ" అన్నారు.

గట్టు మీద వాన పడుతూనే ఉంది. మంట అందుకునేదాకా నలుగురు మనుషులు రేకులు పట్టుకుని నిలబడ్డారు. నావ చెక్క ఒకసారి అందుకున్నాక వానను లెక్క చెయ్యలేదు. టైరు ముక్క వాడలేదు, డీజిలు చుక్క పొయ్యలేదు. మా ఆవిడ గౌరవంగా వెళ్లింది. నాకు మిగిలిన తృప్తి అదొక్కటే.

ఆ రాత్రి అడితిలోకి నీళ్లు వచ్చాయి. బల్ల ఉండి ఉంటే మోటారు నీళ్లకు అందేది కాదు. మెకానిక్ వచ్చి విప్పి చూసి పెదవి విరిచాడు. నేను ఇనప బల్ల చేయిస్తాను, మోటారు కూడా కొత్తది వేయిస్తానని వెళ్లాను. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. "మీరు తిరిగిచ్చేస్తే అది అమ్మినట్టయిపోద్దండీ. అలా చెయ్యకండి" అన్నారు. కొడుకును అడగమంటే, ఆయ్, చూద్దాం అన్నారు. ఆ చూద్దాం అలాగే ఉండిపోయింది. ఈలోగా బైపాసు మీద పెద్ద మిషనుతో ఇంకో అడితి వచ్చింది. కట్టెలు కొట్టే పెద్దాయన అక్కడికి వెళ్లాడు. నన్నూ ఆవిడే గ్యాస్ పెట్టించుకోమన్నారు. నేను చాలా రోజులు మొరాయించి చివరికి పెట్టించాను.

తర్వాత రోజూ పొద్దున్నే మా హోటల్‌కి వచ్చి టీ తాగేవారు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. ఆ చేతులు ఖాళీగా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు. బరువు పోయింది, మాట తగ్గింది. డాక్టరు ఏ జబ్బూ లేదన్నాడు. ఒకరోజు గ్యాస్ పొయ్యి వైపు చూస్తూ, దీనికి ఊదే పని కూడా లేదు కదండీ అన్నారు. నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. మా ఆవిడకు దక్కిన గౌరవం ఈవిడ బతుకులోంచి కోసి ఇచ్చిందని నాకు తెలుసు. ఆవిడకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తకుండా రెండేళ్లు టీ తాగాం.

ఈ వేసవిలో పోయారు. కొడుకు కువైట్ నుంచి వచ్చేదాకా ఉంచారు. బైపాసు అడితి నుంచి ట్రాక్టరు నిండా కట్టెలు వచ్చాయి. సరుగుడు, మామిడి, ఎండకు పగుళ్లిచ్చినవి, అన్నీ ఒకే కొలతకు కోసినవి. తలా ఒక కట్టె వెయ్యమన్నారు. నా చేతులతో నా ఇంటి నుంచి ఒకటి తేవాలనిపించింది. బయల్దేరే ముందు హోటలంతా, ఇల్లంతా వెతికాను. గ్యాస్ వచ్చాక నా దగ్గర ఒక్క పుల్ల కూడా లేదు. చివరికి ఆ ట్రాక్టరులోంచే ఒక కట్టె తీసుకుని వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి కాటికాపరి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇక చాలండీ, ఇప్పటికే ఎక్కువైపోయేయి. ఎక్కడ పెడతారండీ" అన్నాడు.

కొడుకు నిప్పు పెట్టాడు. ఆ ఎండలో చిటికెలో అందుకుంది. అందరూ స్నానాలకు రేవు వైపు నడిచారు. నేను ఆ కట్టె చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.