ఫోటోలో లేని రైతు

కళ్యాణదుర్గంలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. వానలు మొహం చాటేసిన ఆ ఏళ్లలో పెళ్లిళ్లు తక్కువ. కెమెరా పట్టుకుని పల్లెలు తిరిగేవాణ్ణి. ఒకరోజు కుందుర్పి దగ్గర భార్యాభర్తలిద్దరు ఎండిపోయిన వేరుశనగ పీకుతూ కనిపించారు. కాయ లేదు, ఎండిన కట్టె పశువుల మేతకైనా పనికొస్తుందని.

ఫోటో తీస్తానంటే ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని మొగుణ్ణి పిలిచింది. “నువ్వూ రాప్పా. ఒక్కదాన్నే నిలబడుకోవల్లంటే నాకు సిగ్గు.”

అతను వచ్చి పక్కన నిలబడ్డాడు. “ఎట్లుండల్లన్నా, నవ్వల్లా?”

“నీ ఇష్టం” అన్నాను. ఇద్దరూ నవ్వారు.

బెంగళూరులో జరిగే ఫోటోల పండుగకు కరువు ఫోటోలు కావాలంటే ఆ నెగెటివ్ కూడా పంపాను. ప్రదర్శన మొదలైన రోజు బస్సెక్కి పోయాను. గోడ మీద నా ఫోటో మనిషంత ఎత్తున ఉంది. అందులో అతను లేడు. ఆమె భుజం పక్కన తువ్వాలు అంచు మాత్రం మిగిలింది. నవ్వు కనబడకుండా ఆమె పెదవులు కూడా చీకటిగా ప్రింటు చేశారు. కింద ఇంగ్లీషులో ఆత్మహత్య చేసుకున్న రైతు భార్య అని రాసి ఉంది.

నిర్వాహకురాలు తెలుగావిడే. వెతికి పట్టుకున్నాను. “ఆయన బతికే ఉన్నాడు మేడం.”

“అయ్యో, రాసినవాళ్లు పొరబడ్డారేమో. మారుస్తాం లెండి.”

“మరి ఆయన్ను ఎందుకు కత్తిరించారు?”

“ఇద్దరూ నవ్వుతూ నిలబడితే కరువని ఎవరు నమ్ముతారండీ?”

మరుసటి రోజు పోయి చూస్తే అదే రాత. నేనే గోరుతో గీకి ఆ కాగితం పీకేశాను. కాపలా మనిషి నన్ను చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు. తర్వాత కొత్త కాగితం అంటించారట, కరువు సీమ మహిళ అని. ఫోటో మాత్రం పండుగ ముగిసేదాకా అట్లాగే వేలాడింది.

సంతకు వచ్చినప్పుడు ఆ రైతు స్టూడియోకి వచ్చాడు. “మా ఫోటో పెట్టినారంట గదన్నా. ఎట్లుండాది?”

దాచడం చేతకాక జరిగింది చెప్పాను.

“అంటే నేను సచ్చిపోయినానని సదివినారా అందురూ?”

“కొంతమంది చదివుంటారు.”

“మా ఆడదానికి చెప్పొద్దన్నా. ఏడుస్తాది.”

నా దగ్గరున్న పూర్తి ఫోటో ఇచ్చాను. తువ్వాల్లో చుట్టుకుని పోయాడు.

మళ్లీ ఏడాది అదే పండుగ వాళ్లు ఫోన్ చేశారు, పోయినసారి లాంటివే ఇంకొన్ని కావాలని. నోటికొచ్చినట్టు తిట్టి పెట్టేశాను. అయినా కోపం తగ్గలేదు. ఆ పూట స్టూడియో మూసేసి ఇంటికి పోయాను.