ఆ చేపల్ని పట్టిందెవరు?

పోయిన ఆదివారం భీమిలి దగ్గర మా ఊరి ఒడ్డున నిలబడితే, ఎండకు రాసుకునే క్రీము వాసన గుప్పుమంది. వీపున పెద్ద సంచీతో ఒక హైదరాబాద్ అమ్మాయి నా దగ్గరకొచ్చి, ఇక్కడ మనుషులెవరూ ఎరగని బీచ్ ఏదైనా ఉందా అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. వెంటనే మా విశాలాక్షి మేడమ్ గుర్తొచ్చారు.

మేడమ్ ఎం.ఏ.లో మాకు నవలలు చెప్పేవారు. పెందుర్తి నుంచి బస్సులో వచ్చేవారు. నోరు మహా కటువు, కానీ ఎవరి మాటనూ మధ్యలో తుంచేవారు కాదు. ఒకరోజు ఒక విదేశీ నవల చదివించారు. అందులో హీరో సంచీ తగిలించుకుని దేశాలు తిరిగి, ఎవరి పాదమూ పడని తీరాన్ని కనిపెడతాడు. స్వర్గం అంటాడు. తర్వాత తనలాంటి వాళ్లే నలుగురు వచ్చేసరికి అంతా పాడైపోయిందని కుమిలిపోతాడు. క్లాసంతా అయ్యో అంది. చేపలు పట్టేవాళ్లింటి పిల్లనైన నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ మహానుభావుడు పూటపూటకీ కాల్చిన చేపలు తింటాడు, ఒక్క పేజీలోనైనా వల ముట్టిన పాపాన పోడు. ఉండబట్టలేక లేచాను.

"ఎవులూ లేరంతన్నాడు గదా మేడమ్, మరా సేపల్ని పట్టిందెవులు?"

నా యాసకు క్లాసు గొల్లుమంది. మేడమ్ నవ్వలేదు. పుస్తకం మూసి, ఆ గోల తగ్గేదాకా ఆగారు. "ఇన్నేళ్లుగా ఈ నవల చెబుతున్నాను, నాకు తట్టలేదమ్మా. దీనిమీదే పరిశోధన చెయ్యి" అన్నారు.

పరిశోధనకు సీటు ఒక్కటే ఉంది. అది దక్కకపోతే తగరపువలసలో బట్టల కొట్టులో పనికి చేరాలని ఇంట్లో తేల్చేశారు. ఇంటర్వ్యూలో నేను బట్టీపట్టిన పుస్తకభాష రెండో వాక్యం దాటలేదు. వేరే యూనివర్సిటీ నుంచి ప్రశ్నలడగడానికి వచ్చిన పెద్దాయన కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు. ఆయన పక్కనే కూర్చున్న మేడమ్, క్లాసులో చెప్పినట్టే చెప్పమన్నారు.

"మాయమ్మ సేపలెండేసే ఇసక సార్ అది. ఆ నవల్లో ఆయనొచ్చేసరికి మేమక్కడే ఉన్నాం. పుస్తకంలోకే రానివ్వలేదు."

పెద్దాయన కాగితాలు వదిలేసి, ఇంకా చెప్పమన్నారు. ఇక ఆగలేదు నేను. సీటు నాదే అయింది. ఆ సాయంత్రం మేడమ్ నన్ను పూర్ణా మార్కెట్‌కి తీసుకెళ్లి, అమ్మకిమ్మని మిఠాయి పొట్లం చేతిలో పెట్టారు. అంత గర్వంగా నేనెప్పుడూ బస్సెక్కలేదు.

మేడమ్ ఇప్పుడు లేరు. ఆవిడ పాఠం చెప్పిన గదిలోనే నేను నవలలు చెబుతున్నాను. ఏ స్వర్గం కథ చేతికొచ్చినా ముందు చేపల సంగతే అడుగుతాను, నా యాసలోనే అడుగుతాను. పిల్లలు నవ్వరు, పేజీలు వెనక్కి తిప్పి వెతుకుతారు.

ఆ అమ్మాయి ఇంకా జవాబు కోసం చూస్తోంది.

"ఉంది, రా" అన్నాను. "మాయమ్మ అక్కడే సేపలెండేత్తంది."