ఒక్క ఆటా గెలవని మా లెక్కల మాష్టారు

పోయిన మంగళవారం పొద్దున మా లెక్కల మాష్టారు పోయారు. విజయవాడ నుంచి ఆయన పెద్దమ్మాయి ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, నాన్నగారు వెళ్ళిపోయారండీ. కాఫీ తాగి, పేపరిమ్మన్నారు. తెచ్చి ఇచ్చేలోపే…" అని ఆగిపోయింది.

ఆయన దగ్గర లెక్కలు నేర్చుకుని పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆయన పాఠం ఎలా చెప్పేవారో వాళ్ళు నాకన్నా బాగా రాస్తారు. నాకు లెక్కల్లో ఎప్పుడూ అత్తెసరు మార్కులే. నేను చెప్పగలిగింది వేరే సంగతి. డెబ్భైల్లో ఒక ఏడాది ఆయన మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి ఇన్‌చార్జిగా ఉన్నారు. ఆ ఏడాది మేం ఆడిన ప్రతి ఆటా ఓడిపోయాం. నేను ఆ జట్టు గోల్‌కీపర్ని.

మాది ఉయ్యూరు దగ్గర చిన్న కాలేజీ. గ్రౌండుకి ఒక పక్క కాలవ, తక్కిన మూడు పక్కలా చెరుకు. బంతి కాలవలో పడితే ఈదుకెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. చెరుకులో పడితే మాత్రం ఆకు కోసుకుపోయి చేతులు మండుతుంటే అరగంట వెతికేవాళ్ళం. ఆటల మాష్టారికి ఆ ఏడు గవర్నమెంటు ఉద్యోగం వచ్చి, కాలేజీలు తెరిచిన నెలకే వెళ్ళిపోయారు. యూనివర్సిటీ పోటీలకి జట్టు పేరు అప్పటికే ఇచ్చేశారు. పిల్లల వెంట ఎవరు వెళ్తారని ప్రిన్సిపాలు గారు స్టాఫ్ మీటింగులో అడిగితే, అందరూ తలలు దించుకున్నారట. లెక్కల మాష్టారు ఒక్కరే తల దించుకోలేదట. ధైర్యం ఉండి కాదు, అసలు ప్రశ్న ఆయన వినలేదు. ఈ మాట తర్వాత ఆయనే మాకు నవ్వుతూ చెప్పారు.

మొదటిరోజు సాయంత్రం ఇస్త్రీ చొక్కాతో, చెప్పులతో గ్రౌండులోకి వచ్చారు. మమ్మల్ని వరసగా నిలబెట్టి, "నాకు ఈ ఆట తెలీదు. మీలో బాగా తెలిసినవాడెవరో చెప్పండి" అన్నారు. అందరం నాంచారయ్యని చూపించాం.

నాంచారయ్య మా సెంటర్ ఫార్వర్డ్. కొల్లేరులో ఒక లంక గ్రామం వాడిది. తండ్రి చేపలు పట్టేవాడు. హైస్కూలు పోటీల్లో వాడి ఆట చూసి పాత ఆటల మాష్టారు పట్టుబట్టి మా కాలేజీలో చేర్పించారు. ఆటగాడి కింద హాస్టల్లో ఉచితంగా భోజనం, బస. అలాంటి సీటు కాలేజీ మొత్తానికి ఒక్కటే ఉండేది. వాడు ఎక్కువ మాట్లాడేవాడు కాదు. బంతి కాలికి తగిలితే మాత్రం ఎవరి మాటా వినేవాడు కాదు.

"అయితే ఇవాళ్టి నుంచి నువ్వు నాకు మాష్టారివి" అని లెక్కల మాష్టారు గడ్డిలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. వాడు సిగ్గుపడి చచ్చిపోయాడు. సుద్దముక్కలు పేర్చి ఆట నేర్పడం మొదలుపెట్టాడు. అన్నీ వచ్చాయి గానీ ఆఫ్‌సైడ్ ఆయనకి నాలుగు రోజులు కొరుకుడు పడలేదు.

"మనవాడు బంతి తన్నే క్షణానికి నేను, గోల్‌కీపర్ కాక, వాళ్ళ చివరి మనిషికన్నా ముందుండకూడదండి" అంటాడు నాంచారయ్య.

"ముందున్నావో లేదో ఎలా తెలుస్తుంది?"

"ఆ చివరి మనిషి దగ్గర అడ్డంగా ఓ గీత ఉంటదండి."

"అక్కడ గీతేం లేదు కదయ్యా!"

"లేదండి. ఉందనుకోవాలండి."

మాష్టారు ముఖం వెలిగిపోయింది. "ఓహో! అలా చెప్పు మరి. మేం బోర్డు మీద చేసేదీ అదే కదా" అన్నారు. ఆ తర్వాత ఆఫ్‌సైడ్ విషయంలో ఆయన కన్ను మా అందరి కన్నా నికార్సుగా ఉండేది.

అయినా ఆట అర్థం కావడం వేరు, గెలవడం వేరు. విజయవాడలో మొదటి ఆట అయిదు గోల్స్ తేడాతో ఓడిపోయాం. గుడివాడలోనూ అంతే. మచిలీపట్నంలో వాన. బంతి నానిపోయి పచ్చి గుమ్మడికాయంత బరువెక్కింది. ఆ రోజు నా వెనక వలలో తొమ్మిదిసార్లు పడింది. తొమ్మిదోసారి బంతి తీసుకురావడానికి వెనక్కి తిరిగినవాణ్ణి, వల పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఏడుస్తున్నానని వానలో ఎవరికీ తెలియలేదనుకున్నాను.

తిరిగొచ్చే బస్సులో మాష్టారు నా పక్కన కూర్చున్నారు. పామర్రు దాటాక కిటికీలోంచి చూస్తూనే, "నీ దాకా వచ్చిన ప్రతి బంతీ పదిమందిని దాటుకొచ్చిందయ్యా. ఆ సంగతి మర్చిపోకు" అన్నారు. అంతకుమించి ఓదార్చలేదు. ఉద్యోగంలో, ఇంట్లో, ఏదన్నా నా మీదే విరిగిపడ్డట్టు అనిపించినప్పుడల్లా నేను ఆ మాట పట్టుకునే లేచాను.

ఆట జరుగుతున్నంతసేపూ ఆయన గీత బయట నిలబడి ఉండేవారు. కూర్చోమన్నా కూర్చునేవారు కాదు. అరిచేవారు కాదు. హాఫ్‌టైమ్‌కి మేం వగరుస్తూ వస్తే, వేరే జట్ల వాళ్ళ మాష్టర్లు తమ పిల్లలకి ఎటు పరిగెత్తాలో, ఎవర్ని కాచుకోవాలో చెబుతుండేవారు. మా మాష్టారు సంచీలోంచి బత్తాయిలు తీసి ఒలిచేవారు. ఒక్కో తొన పొర తీసి, గింజలు ఏరి, మా చేతుల్లో పెట్టేవారు. "ఎలా గెలవాలో నాకు తెలీదు నాయనా. చూస్తూ ఉంటాను. అదొక్కటీ మానను" అనేవారు.

చివరి ఆటకి నాలుగు రోజుల ముందు ఏదో ఫారం మీద సంతకం కోసం ప్రిన్సిపాలు గారి గదికి వెళ్ళాను. లోపల మాష్టారి గొంతు వినపడి గుమ్మం దగ్గరే ఆగాను.

"నాంచారయ్య మంచి ఆటగాడండీ. జట్టు ఓడిపోతే వాడేం చేస్తాడు?"

"నాకు తెలుసండీ. కాలేజీ కమిటీ వాళ్ళు వినట్లేదు. ఓడిపోయే జట్టుకి ఉచిత భోజనం దేనికంటున్నారు. ఈ ఒక్క ఆటైనా ఓడిపోకుండా చూడండి. కనీసం సమానంగా నిలిచినా చాలు, నేను వాళ్ళ నోరు మూయిస్తాను."

"చూడమంటే చూస్తానండీ. చూడ్డమే కదా నా పని" అన్నారు మాష్టారు. ఆ గొంతు అలా నీరసపడగా అంతకుముందు నేను వినలేదు.

ఆ సాయంత్రం నాంచారయ్య లేకుండా చూసి తక్కిన తొమ్మిదిమందికీ చెప్పాను. వాడికి తెలిస్తే కాళ్ళు ఆడవని, వాడికి మాత్రం చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాం.

చివరి ఆట మా గ్రౌండులోనే, ఏలూరు నుంచి వచ్చిన జట్టుతో. కాలేజీ అంతా వచ్చింది. ప్రిన్సిపాలు గారికి కుర్చీ వేశారు. ఆట మొదలైన పది నిమిషాలకే నాంచారయ్య ముగ్గుర్ని తప్పించుకుని గోల్ కొట్టాడు. ఆ ఏడాదిలో మేం ముందుండటం అదే మొదటిసారి. ఎలా ముందుండాలో మాకు తెలియలేదు. దక్కిందాన్ని కాపాడుకోవాలని అందరం వెనక్కి వచ్చి నా చుట్టూ మూగాం. వాళ్ళు తోసుకుంటూ వచ్చి ఒకటి కొట్టారు. రెండోది నా తప్పు. అది గోలుకి కొట్టిన బంతి కూడా కాదు. మెల్లగా దొర్లుకుంటూ వచ్చింది. వంగాను. రెండు కాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయింది. పదిమందిని దాటుకొచ్చిన బంతే అని నాకు నేను చెప్పుకున్నాను. అప్పుడు మాత్రం ఆ మాట పనిచేయలేదు.

ఆఖరి నిమిషాల్లో కాలవ పక్క నుంచి మావాడు ఒకడు బంతిని ఎత్తి కొట్టాడు. నాంచారయ్య దాన్ని గాలిలోనే అందుకుని వలలోకి పంపాడు. కాలేజీ మొత్తం కేక వేసింది. రిఫరీ చెయ్యెత్తాడు. ఆఫ్‌సైడ్. గోల్ లేదన్నాడు. ఆట అయిపోయింది.

మా వాళ్ళు రిఫరీ చుట్టూ మూగారు. ప్రిన్సిపాలు గారు కుర్చీలోంచి లేచి కాగితం పట్టుకొచ్చారు. "ప్రొటెస్ట్ రాయిద్దామండీ. యూనివర్సిటీలో నేను మాట్లాడతాను. ఇన్‌చార్జి కింద మీరు సంతకం పెట్టండి చాలు" అన్నారు.

మాష్టారు కలం తీశారు, మూత తీశారు. అలాగే పట్టుకుని నిలబడ్డారు. బంతి తన్నినప్పుడు ఆయన సరిగ్గా ఆ చివరి మనిషికి ఎదురుగా, గీత పక్కనే ఉన్నారు. అది ఆయన చూశారని నాకు తెలుసు. కాగితం కిందికి దించి, నాంచారయ్యని పిలిచారు.

"నువ్వే చెప్పవయ్యా. బంతి తన్నినప్పుడు ఎక్కడున్నావు?"

చెప్పొద్దురా అని నాకు అరవాలనిపించింది. నాంచారయ్య చెమట తుడుచుకుని, మాష్టారి ముఖంలోకే చూస్తూ, "ముందున్నానండి" అన్నాడు.

"ఎంత?"

"అడుగు ఉంటదండి."

మాష్టారు కలానికి మూత పెట్టేశారు. ప్రిన్సిపాలు గారు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

ఆ నెలాఖరుకి నాంచారయ్య సీటు తీసేశారు. జట్టుని కూడా. మాష్టారు కమిటీ వాళ్ళందరి ఇళ్ళకీ ఒకదాని తర్వాత ఒకటిగా వెళ్ళొచ్చారు. కూర్చోబెట్టి మర్యాద చేసి పంపారట. అప్పుడు వాణ్ణి తన ఇంటికి భోజనానికి రమ్మన్నారు. రెండు గదుల అద్దె ఇల్లు, ఇద్దరు ఆడపిల్లలు. అమ్మగారు వాడికి మొదట వడ్డించేవారు. మూడు వారాలు వచ్చాడు. తర్వాత ఆకలిగా లేదని ఒకరోజు, తలనొప్పని ఒకరోజు మానేశాడు. ఒక సోమవారం హాస్టల్ గదిలో వాడి ట్రంకుపెట్టె లేదు.

ఆ ఆదివారం మాష్టారు నన్ను వెంటబెట్టుకుని కొల్లేరు బయల్దేరారు. కైకలూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి నడక, తర్వాత తాటిదోనె. నాంచారయ్య ఇంటి ముందు తండ్రి వల బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి కంగారుగా లేచి మంచం వాల్చాడు.

"మీ ఇంట్లో లోటు జరిగి రాలేదండి బాబుగారూ. అమ్మగారు కన్నతల్లిలా పెట్టారంట. రోజూ అలా కూర్చుని తింటుంటే ముద్ద దిగట్లేదంటండి. ఆడికి నేనేం చెప్పనండి?" అన్నాడు.

నాంచారయ్య పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మాష్టారు మంచం మీద కూర్చోలేదు.

"నీకు ఒక సంగతి చెప్పాలయ్యా. ఆ రోజు ఆ ఆట పోతే నీ సీటు పోతుందని నాకు తెలుసు. తెలిసీ సంతకం పెట్టలేదు. పైగా ఆ ప్రశ్న నిన్నే అడిగాను. అడక్కూడనివాణ్ణి అడిగాను. నన్ను నువ్వు ఏమన్నా పడతాను."

"నాకూ తెల్సండి" అన్నాడు నాంచారయ్య.

"ఏం తెలుసు?"

"సీటు సంగతండి. హాస్టల్లో మనోళ్ళు గుసగుసలాడుతుంటే ముందురోజే విన్నానండి."

మాష్టారు నా వైపు చూశారు. నేను ఎటు చూడాలో తెలియక వల వైపు చూశాను.

"తెలిసి… మరి ఎందుకు చెప్పావయ్యా?"

"మీరడిగారు కదండీ" అన్నాడు వాడు. తర్వాత ఇంకా మెల్లగా, "ఆ గీత ఎక్కడుంటదో మీకు నేర్పింది నేనే కదండి. మీకెలా అబద్ధం చెప్పనండి?" అన్నాడు.

క్లాసులో ఏ లెక్కకీ తడుముకోని మనిషి, ఆ వాకిట్లో మాట కోసం వెతుక్కుని, దొరక్క, వాడి భుజం మీద చెయ్యి వేసి తీసేశారు. రమ్మని మళ్ళీ అడగలేదు. అడిగే హక్కు తనకి లేదనుకున్నారేమో.

నాంచారయ్య డిగ్రీ పూర్తి చేయలేదు. మాష్టారు మూడేళ్ళపాటు నోట్సులు రాసి పోస్టులో పంపారు. వాడు ప్రైవేటుగా ఒకసారి పరీక్షకి కూర్చున్నాడు, తప్పాడు. ఆ తర్వాత, "ఇక పంపకండి సార్, చేపల పనిలో చదవలేకపోతున్నాను" అని ఉత్తరం రాశాడు. ఆయన పంపడం మానేశారు. దీన్ని గెలుపుగా మార్చి చెప్పడం నాకు చేతకాదు. ఆయనకీ చేతకాలేదు. నాలుగేళ్ళ కిందట ఆయన్ని చూడబోయినప్పుడు, "ఆ కుర్రాడికి నేనేం చేయలేకపోయానయ్యా" అన్నారు. ఆ కుర్రాడికి అప్పటికే మనవలు.

మొన్న దహనానికి నాంచారయ్య వచ్చాడు. అందరూ వెళ్ళాక వెళ్ళాడు.

మాష్టారంటే నాకు క్లాసు గుర్తురాదు, గ్రౌండు గుర్తురాదు. కొల్లేరు నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రమే గుర్తొస్తుంది. ఒడ్డుదాకా నాంచారయ్యే దోనెలో దింపాడు. వాడు వెనక నిలబడి గెడ వేస్తుంటే, మాష్టారు వెళ్ళే దారికి వీపు పెట్టి, వాడికి ఎదురుగా కూర్చున్నారు. ఒడ్డున బురదలోకి దిగాం. కాళ్ళు మోకాళ్ళదాకా కూరుకుపోయాయి. వాడు దోనె తిప్పుకుని వెళ్ళిపోయాడు. నేను కాళ్ళు కడుక్కుని గట్టెక్కి, "బస్సు వెళ్ళిపోతుందండీ" అన్నాను. ఆయన వినలేదు. పంట్లాం పైకి మడిచి, చెప్పులు రెండూ చేతిలో పట్టుకుని, కాళ్ళకి బురద ఎండిపోతున్నా, వాడి దోనె నీళ్ళ మీది గుర్రపుడెక్క పచ్చదనంలో కలిసిపోయి, గెడ కొస ఒక్కటే పైకీ కిందికీ కదులుతూ కనిపించేదాకా, ఆ తర్వాత అది కూడా కనపడకుండా పోయాక కూడా, అటే చూస్తూ నిలబడ్డారు.