భూలక్ష్మి మొక్కని కాళ్ళు

అమీర్‌పేట హాస్టళ్ళ కుర్రాళ్ళకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వచ్చింది కోచింగ్ వల్ల కాదు, భూలక్ష్మి ఇస్త్రీ వల్ల. ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా మీద వాలిన ఈగ జారి పడి నడుము విరగ్గొట్టుకుంది. నేను కళ్ళారా చూశాను.

చిన్నప్పుడే పోలియోతో ఆమె ఎడమ కాలు చచ్చుబడింది. ఏళ్ళుగా వికలాంగుల పింఛను వచ్చేది. కొత్తగా కంప్యూటర్‌తో వైకల్యం కొలుస్తూ డాక్టరు, "పని చేస్తావా?" అని అడిగాడట.

"చెయ్యకేం? పొద్దంత నిలబడే ఇస్త్రీ చేస్త," అందట రోషంగా.

పింఛనుకు నలభై శాతం వైకల్యం ఉండాలి; ముప్పై ఎనిమిదే వేశారు. పింఛను ఆగింది.

పంజాగుట్ట ఆఫీసులో అప్పీలు పెట్టింది. ఆమె బండి నిలిపేది మా ఇంటి ముందే; విచారణకు నేనూ తోడు వెళ్ళాను. కాన్వెంటులో నాటకాలాడినవాణ్ణి కదా, ఆటోలోనే మూలగడం నేర్పాను.

"అబ్బా అను. కొంచెం సాగదియ్యి."

"నువ్వే మస్తు మూలుగుతున్నవ్ తాతా. పింఛను నీకే ఇస్తరు."

లోపల అధికారి తల ఎత్తలేదు. పక్కనున్న గుమాస్తా, "కాల్మొక్త సారూ అను. జల్ది అయితది," అని గొణిగాడు.

భూలక్ష్మి గొంతు పెంచింది. "సారూ, నా కాలు చూడుమని వచ్చిన. మీ కాలు మొక్కనీకి రాలే."

ఆ మాటకు ఫ్యాను కూడా ఆగిపోయింది. కరెంటు పోయిందని గిట్టనివాళ్ళు అంటారు.

"నిర్ణయం తర్వాత చెప్తాం," అన్నాడు అధికారి.

వానలు వెళ్ళి చలి వచ్చినా ఏ కబురూ లేదు.

"ఒక్కసారి దణ్ణం పెట్టేస్తే పోయేది కదే," అన్నాను.

"గిప్పుడు వంగితే మళ్ల లేవ, తాతా."

మర్నాడు ఇస్త్రీ బండిని ఆ ఆఫీసు గేటు ఎదురుగా నిలబెట్టింది.

"ఇక్కడికెందుకొచ్చావే?"

"సారు రోజూ చూడాలె గద. ఒంటికాలు మీద ఎంతసేపు నిలబడ్తనో ఆయననే కొలుసుకోమను."

ఒకరోజు ప్యూను ఓదెలు తడి చొక్కాతో పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, సారు మీద టీ పడ్డది, కడిగి తెచ్చిన. మీటింగున్నది, జర జల్ది!"

చొక్కా తళతళలాడేలా ఇస్త్రీ చేసి, మడిచి, చంకలో పెట్టుకుంది. "అయింది. నా అప్పీలు ఏమైంది?"

"నాకేం తెలుస్తది?"

"తెలుసుకొని రా. చొక్కా యాడికి పోదు."

ఓదెలు లోపలికి వెళ్ళాడు. పై కిటికీలో బనీను తొడుక్కున్న ఆకారం తొంగిచూసి, తప్పుకుంది.

"ఇచ్చెయ్యవే, చలికి వణుకుతున్నాడు," అన్నాను.

"వణకనీ. నాకు బొగ్గులున్నయ్."